తూము జాలి ఎత్తిన రాత్రే చేప వంకలో పడుతుంది

చేపల సాగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విదేశాల్లో పెంపకపు సాల్మన్ చేపలు వలలు తెంచుకుని నదుల్లో పడుతున్న సంగతి మీద కిందటి సంచికలో చిన్న వ్యాసం వేశాం. దానికి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది తమ కుంట గురించి, దాని పక్కన పారే వంక గురించే అడిగారు. అందుకే ఈసారి పేజీలన్నీ ఈ ఒక్క విషయానికే కేటాయించాం.

ప్రశ్న: చేప ఏదైనా చేపే కదా. పెంచిన సాల్మన్ నదిలో పడితే నదిలో చేపలు పెరిగినట్టే కదా, తగ్గినట్టు ఎట్లవుతుంది?
– డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: సాల్మన్ నదిలో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మళ్లీ తాను పుట్టిన నదికే వస్తుంది. వేల ఏళ్లు ఇట్లా సాగడం వల్ల ఒక్కో నది చేప ఆ నది చలికి, ఆ నది వరదకు, అక్కడ మేత దొరికే రోజులకు తగ్గట్టు తయారైంది. పెంపకపు సాల్మన్ దారి వేరు. నార్వేలో 1970ల మొదట్లో పలు నదుల చేపలను తెచ్చి, తొందరగా బరువు పెరిగేవాటిని తరం వెనక తరం ఏరుకుంటూ వచ్చారు. మేత చల్లగానే బెదురు లేకుండా పైకి వచ్చే చేప కేజ్‌లో (నీటిలో తేలే వల పంజరంలో) బాగా పెరుగుతుంది. నదిలో అదే గుణం దాన్ని పక్షికీ నీటికుక్కకూ పట్టిస్తుంది.

తప్పించుకున్న చేప నదిలోకి ఎక్కి అక్కడి చేపతో కలిసి గుడ్లు పెడితే, ఆ పిల్లలు నదిలో సరిగా నిలబడవు. ఐర్లండ్‌లో బర్రిషూల్ అనే చోట చేసిన ప్రయోగాల్లో ఇది రుజువైంది. పైగా ఆ పిల్లలు మొదట్లో తొందరగా ఎదిగి, నది పిల్లల చోటునూ మేతనూ ఆక్రమించి, ఆ తర్వాత అవీ మిగలకుండా పోతాయి. నదికి రెండు విధాలా నష్టమే.

లెక్క చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. సముద్రం నుంచి నార్వే తీరానికి ఏడాదిలో తిరిగి వచ్చే నది సాల్మన్ ఇప్పుడు మొత్తం కలిపి 5 లక్షలు కూడా ఉండవు. అక్కడి చట్టం ఒక్క కేజ్‌లోనే 2 లక్షల చేపలను ఒప్పుకుంటుంది. అంటే మూడు కేజ్‌లలో ఉన్న చేపలు ఆ దేశపు నది సాల్మన్ మొత్తాన్ని మించిపోతాయి. పరీక్షించిన నదుల్లో సగానికి పైగా నదుల చేపల్లో పెంపకపు చేపల జన్యువులు ఇప్పటికే కనిపించాయి. ఒకసారి కలిసిన రక్తాన్ని విడదీసే మార్గం లేదు. తప్పించుకోకుండా చూడటం ఒక్కటే మన చేతుల్లో ఉంటుంది.

ప్రశ్న: మా బోరు నీటితో తొట్టెలు కట్టి సాల్మన్ పెంచవచ్చా? ధర బాగుందని విన్నాను.
– రైతు, గార్లదిన్నె

జవాబు: వద్దు. సాల్మన్‌కు 8 నుంచి 14 డిగ్రీల చల్లని నీళ్లు కావాలి. మన బోరు నీళ్లు బయటికి వచ్చేటప్పుడే దానికి రెండింతల వేడిగా ఉంటాయి. రాత్రింబవళ్లు నీళ్లు చల్లబరచడానికి అయ్యే కరెంటు ఖర్చును చేప ధర పూడ్చలేదు. తొట్టెలు ముందే కట్టి ఉంటే కొర్రమీను వేసుకోండి. అది గాలి పీల్చే చేప, మన నేల చేప. తొట్టెలోనుంచి ఎగిరి పడుతుంది కాబట్టి పైన వల మాత్రం తప్పదు.

ప్రశ్న: మైలవరం జలాశయంలో కేజ్‌లు వేయాలని మా సంఘం అనుకుంటోంది. సాల్మన్ కేజ్‌లు ఎందుకు చిరిగాయో, అందులో మాకు పనికొచ్చేది ఏముందో చెప్పగలరా?
– మత్స్యకార సంఘం సభ్యులు, జమ్మలమడుగు

జవాబు: రెండు ఘటనలు తెలుసుకుంటే చాలు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సైప్రస్ దీవి దగ్గర 2017 ఆగస్టులో ఒక కేజ్‌ల వరుస మొత్తం కూలిపోయింది. అందులో సుమారు 3 లక్షల సాల్మన్ ఉంటే 2.4 లక్షలకు పైగా బయటపడ్డాయి. విచారణలో తేలిన కారణం తుఫాను కాదు. వలలకు పట్టిన ఆల్చిప్పలు, నాచు. అవన్నీ కలిపి దాదాపు 100 టన్నుల బరువు. వల కన్నులు మూసుకుపోతే నీళ్లు లోపలినుంచి పారకుండా వలను గోడలాగా తోస్తాయి. ఆ తోపుడుకు లంగరు తాళ్లు తెగాయి, చట్రం ఒరిగింది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం, తన నీళ్లకు చెందని చేపలను వల కేజ్‌లలో పెంచడాన్ని ఆపేస్తూ చట్టం చేసింది.

రెండోది ఐస్‌ల్యాండ్‌లో, 2023లో. అక్కడ కూలిందేమీ లేదు. వలలో రెండు చిరుగులు పడ్డాయి, అంతే. వాటిలోంచి సుమారు 3,500 చేపలు జారిపోయాయి. నదుల్లోకి ఎక్కిన వాటిని ఏరడానికి నార్వే నుంచి డైవర్లను పిలిపించి ఈటెలతో పొడిపించాల్సి వచ్చింది. పొలుసు తీసి భూతద్దం కింద పెడితే నది చేపకు ఎండాకాలం చలికాలం తేడాతో వలయాలు దూరంగా, దగ్గరగా ఉంటాయి. పెంపకపు చేపకు ఏడాది పొడుగునా మేత దొరుకుతుంది కనుక వలయాలు దాదాపు సమానంగా ఉంటాయి. పట్టిన ప్రతి చేపనూ ఇట్లా చూసి వేరుచేయాలంటే ఎంత శ్రమో ఊహించండి.

ఇక మీ కేజ్‌ల సంగతి. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల లోతు కేజ్‌లో 3 వేల నుంచి 4 వేల దాకా ఫంగస్ (పంగాసియస్) చేపలు వేస్తారు. మన జలాశయాల్లో అన్నిటికన్నా పెద్ద చిక్కు నీటిమట్టం. వానల్లో నిండుతుంది, కాలువకు వదిలేకొద్దీ దిగుతుంది. ఆగస్టులో లోతుగా కనిపించిన చోట మే నెలలో వల అడుగు నేలకు తగులుతుంది. నేలలో చెట్ల మోడులు ఉంటాయి, గండికోట వైపైతే ముంపు ఊళ్ల గోడలు కూడా ఉంటాయి. వల వాటికి తగులుకుని, గాలికి కేజ్ ఊగిన ప్రతిసారీ కొంచెం కొంచెం కోసుకుపోతుంది. పైనుంచి చూసేవాళ్లకు ఏమీ తెలియదు. కాబట్టి చోటు ఎంచేటప్పుడు గడిచిన పదేళ్లలో అతి తక్కువ మట్టం ఎంతో ప్రాజెక్టు ఇంజనీర్ల దగ్గర తీసుకుని, ఆ మట్టంలోనూ వల అడుగుకు నేలకు మధ్య కనీసం 3 మీటర్లు మిగిలేట్టు చూడండి. చోటు ఖాయం చేసే ముందు తాడుకు ఇనుప గొలుసు కట్టి ఆ ప్రాంతమంతా పుట్టి మీద లాగి, మోడులు తగులుతున్నాయో లేదో తెలుసుకోండి.

లంగరు తాడు పొడవు నిండు మట్టంలో లోతుకు మూడింతలు ఉండాలి. నీళ్లు దిగినప్పుడు ఆ తాడే వదులై కేజ్‌ను అటూ ఇటూ కొట్టుకుపోనిస్తుంది. తాడు మధ్యలో పది పదిహేను కిలోల బరువు కడితే వదులును అది కిందికి లాగి పడుతుంది. మట్టం 2 మీటర్లు మారినప్పుడల్లా తాళ్లు సరిచేయాలి. ఈ పని ఎవరిదో సంఘం ముందే పేరు పెట్టి రాసుకోవాలి, లేకపోతే అది ఎవరూ చేయరు.

వల రెండు పొరలుగా ఉండాలి. లోపలిది చేప సైజుకు తగ్గ కన్ను, బయటిది 40 మి.మీ. గట్టి వల, రెంటికీ మధ్య కనీసం ఒక అడుగు ఎడం. ఎడం లేకపోతే తాబేలు కానీ నీటికుక్క కానీ ఒక్క కాటుతో రెండు పొరలనూ చింపుతుంది. అవి వచ్చేది బతికున్న చేప కోసం కన్నా అడుగున పడిన చచ్చిన చేప కోసమే ఎక్కువ. సాల్మన్ కేజ్‌లలో చచ్చిన చేపను రోజూ తీసేయడం నియమం. మీరూ అదే పాటించండి. తీసిన వాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. వేసినవెన్ని, చచ్చినవెన్ని, పట్టినవెన్ని అన్న మూడు అంకెలూ సరిపోకపోతే మిగిలినవి ఎక్కడికో పోయినట్టే. ఈ పుస్తకం లేని చోట చేపలు జారిపోవడం ఆరు నెలలు సాగినా ఎవరికీ తెలియదు.

వారానికి ఒకసారి వలను ఒక్కో మూల నుంచి పైకెత్తి చేత్తో తడిమి చూడాలి. చిరుగులు ఎక్కువగా పడేది మూడు చోట్ల: నీటి అంచున ఎండ తగిలే అడుగు వెడల్పు పట్టీలో, బరువులు వేలాడే తాడు రాసుకునే మూలల్లో, అడుగు భాగంలో. పాత వల ఇంకా పనికొస్తుందా అన్నది కంటితో తేలదు. స్ప్రింగ్ కాటా కొక్కేన్ని ఒక కన్నుకు తగిలించి తెగేదాకా లాగండి, కొత్త వల కన్ను ఎంతకు తెగిందో దానితో పోల్చండి. మూడో వంతు బలం పోయి ఉంటే ఆ వల చేపకు వాడొద్దు. పాచి పట్టిన వలను గట్టి బ్రష్‌తో రుద్దితే దారం పోగులు లేస్తాయి. మార్చి వేసుకోవడానికి ఇంకో వల పెట్టుకుని, పాత దాన్ని ఎండలో ఆరబెట్టి దులపడం మేలు.

ప్రశ్న: హంద్రీ ఒడ్డున ఎకరం కుంటలో తిలాపియా వేశాను. నీళ్లు మార్చేటప్పుడు 6 అంగుళాల పైపు గుండా వంకలోకి వదులుతాను. పైపు మూతికి దోమతెర కట్టాను. చాలా?
– రైతు, కోడుమూరు

జవాబు: చాలదు. ముందు ఒక మాట. తిలాపియా బయటి దేశపు చేప, దాన్ని పెంచడానికి మత్స్యశాఖ అనుమతి కావాలి, మగ పిల్లలనే వేయాలి. అది లేకపోతే ముందు ఆ పని చూసుకోండి.

పైపు మూతికి నేరుగా కట్టిన తెర ఎందుకు నిలవదో చెబుతాం. 6 అంగుళాల పైపు నోరు సుమారు 180 చదరపు సెం.మీ. దోమతెర కన్నుల్లో నీళ్లు పోయే ఖాళీ అంతకన్నా తక్కువే. నాలుగు ఆకులు, కాస్త పాచి పడితే అది మూసుకుపోతుంది. నీటి బరువు మొత్తం ఆ చిన్న గుడ్డ మీద పడి చిరుగుతుంది. లేదా నీళ్లు పోవడం లేదని అర్ధరాత్రి వానలో మీరే వచ్చి దాన్ని ఊడదీస్తారు. కుంటల నుంచి చేపలు పోయే దారుల్లో ఇదే పెద్దది. జాలి (కన్నుల తెర) లేనందువల్ల చేప పోవడం తక్కువ, ఉన్న జాలిని ఎత్తేయడం వల్ల పోవడం ఎక్కువ.

కాబట్టి జాలి విస్తీర్ణం పెంచాలి. పైపు మూతి చుట్టూ 60 సెం.మీ. వెడల్పు, అంతే పొడవు, 1 మీటరు ఎత్తు ఉన్న పెట్టెలాంటి ఇనుప చట్రం నిలబెట్టి నాలుగు వైపులా 1 మి.మీ. కన్ను స్టీలు జాలి వేయండి. నాలుగు పక్కలా కలిపి 2.4 చదరపు మీటర్లు అవుతుంది. అందులో ఖాళీ 40 శాతం అనుకున్నా పైపు నోటికి యాభై రెట్లు. మూడు వంతులు మూసుకుపోయినా నీళ్లు నిదానంగా పోతూనే ఉంటాయి, చిన్న పిల్లను జాలికి అదిమిపట్టేంత ఊపు ఉండదు. ఈ పెట్టెకు బయట రెండడుగుల దూరంలో 10 మి.మీ. కన్ను మామూలు వల కంచెలాగా కడితే ఆకులు, పెద్ద చేపలు అక్కడే ఆగుతాయి.

1 మి.మీ. ఎందుకంటే, మీరు వేసింది ఎంత పెద్ద పిల్ల అయినా తిలాపియా కుంటలోనే పిల్లలు పెడుతుంది. తల్లి నోట్లోంచి బయటికి వచ్చే పిల్ల సెంటీమీటరు పొడవు ఉంటుంది, మందం అందులో పావు వంతు కూడా ఉండదు. ఫంగస్, బొచ్చె, శీలావతి లాంటివి నిలవ నీటి కుంటలో గుడ్లు పెట్టవు కనుక వాటికి వేసిన పిల్ల సైజును బట్టి కన్ను ఎంచుకోవచ్చు. దానికి ఒక సులువైన పరీక్ష ఉంది. దొరికిన వాటిలో అన్నిటికన్నా చిన్న ఇరవై పిల్లలను తీసి, ఒక్కోదాని తలను జాలి కన్నులోకి మెల్లగా నెట్టి చూడండి. మొప్ప మూత దాటి తల దూరిందంటే ఆ కన్ను పెద్దది. సగటు పిల్లతో పరీక్షిస్తే మోసపోతారు, పోయేది ఎప్పుడూ చిన్నదే.

తూము సిమెంటుతో కట్టుకునే వీలుంటే తూము గోడల్లో ఒకదాని వెనక ఒకటి రెండు గాడులు పెట్టించండి. రెండు జాలి చట్రాలు చేయించండి. ఒకటి మూసుకుపోయినప్పుడు రెండోదాన్ని ఖాళీ గాడిలో దించి, అడుగు దాకా కూర్చుందని చూసుకున్నాకే మొదటిదాన్ని ఎత్తి కడగాలి. ఒక్క గాడే ఉంటే కడిగే పది నిమిషాలూ తూము తెరిచిపెట్టినట్టే. చట్రం అంచుకు గోడకు మధ్య సందు మిగులుతుంది, పిల్లలు ఆ సందునే వెతుక్కుంటాయి. పాత సైకిల్ ట్యూబు కోసి చట్రం చుట్టూ మూడు వైపులా మేకులతో బిగిస్తే సందు మూసుకుంటుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు, అయినా చాలా కుంటల్లో మాకు కనిపించని వస్తువు ఇదే.

అన్నిటికన్నా మంచి పద్ధతి ఇంకొకటి ఉంది: ఆ నీళ్లను అసలు వంకకు వదలొద్దు. చేపల కుంట నీటిలో నత్రజని ఉంటుంది. చీనీ తోటకో గడ్డి కయ్యకో పారించండి. మధ్యలో 2 మీటర్ల పొడవు గుంత తీసి 20 మి.మీ. కంకర రెండడుగుల మందం నింపి, దానిలోంచి నీళ్లు పోనిస్తే జాలి దాటిన పిల్ల ఏదైనా అక్కడ ఆగుతుంది. డ్రిప్పుకు మాత్రం ఈ నీళ్లు పెట్టకండి, పాచితో గొట్టాలు మూసుకుపోతాయి.

పట్టుబడి అయ్యాక కుంట పూర్తిగా ఎండబెట్టేటప్పుడు అడుగున గుంతల్లో నీళ్లు నిలుస్తాయి, వాటిలో వందల పిల్లలు ఉంటాయి. ఆ గుంతను వంకలోకి తోడొద్దు. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అడుగు లోతు గుంతలో సుమారు 30 వేల లీటర్లు ఉంటాయి. దానికి కిలో బ్లీచింగ్ పొడి బకెట్ నీటిలో కలిపి సాయంత్రం పూట చల్లండి. చచ్చిన పిల్లలను ఏరి సున్నం వేసి పూడ్చండి. వారం దాకా ఆ నీటిని కదిలించవద్దు.

ప్రశ్న: హేచరీ (చేప పిల్లల కేంద్రం) వాళ్లు తిలాపియా పిల్లలన్నీ మగవే అన్నారు. మగవే అయితే వాగులో పడినా సంతానం ఉండదు కదా, ఇంత భయం ఎందుకు?
– రైతు, చెన్నూరు

జవాబు: పిల్లలకు మొదటి మూడు నాలుగు వారాలు హార్మోన్ కలిపిన మేత పెట్టి మగవాటిగా మారుస్తారు. బాగా చేసిన చోట 95 నుంచి 99 శాతం మగవి వస్తాయి, నూటికి నూరు రావు. 99 శాతమే అనుకోండి. మీరు 10 వేల పిల్లలు వేస్తే 100 ఆడవి. ఒక్కో ఆడది ఎదిగాక నెలకో నెలన్నరకో ఒకసారి వందల గుడ్లు నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. మగ పిల్లలు వేయడం వల్ల కుంటలో రద్దీ తగ్గుతుంది, చేప బాగా పెరుగుతుంది. దాన్ని కంచెగా లెక్కపెట్టొద్దు. సాల్మన్‌లోనూ గుడ్డును ఒత్తిడికి గురిచేసి సంతానం లేని చేపలను తయారుచేశారు. అవి వేడిని, రోగాన్ని తట్టుకోవడంలో వెనకబడ్డాయి. చివరికి అక్కడా భారమంతా వల మీదే పడింది.

మన సీమకు ఇది మరీ ముఖ్యం, ఎందుకో చెబుతాం. పెన్నా, పాపాఘ్ని, చిత్రావతి, హంద్రీ ఏడాది పొడుగునా పారే ఏర్లు కావు. ఏప్రిల్, మే నెలలకు అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, పరిగె – మైళ్ల పొడుగు ఏటి చేపలన్నీ ఆ నాలుగు మడుగుల్లోనే తలదాచుకుని, తొలకరికి మళ్లీ ఏరంతా పాకుతాయి. తిలాపియా కూడా అదే మడుగులోకి చేరుతుంది. అది తక్కువ ప్రాణవాయువుకు, ఉప్పదనానికి ఓర్చుకుంటుంది, అడుగు తవ్వి గూడు కడుతుంది, ఇతర చేపల గుడ్లు తింటుంది, తన పిల్లలను నోట్లో దాచుకుంటుంది. మడుగులో రెండు నెలలు గడిచేసరికి తొలకరికి ఏట్లో పాకే విత్తనంలో ఎక్కువ భాగం దానిదే అవుతుంది. పెద్ద నదిలో వంద చేపలు పడటం వేరు, ఎండాకాలపు మడుగులో పది పడటం వేరు.

ప్రశ్న: పెద్ద చెరువు కింద నా కుంట ఉంది. చెరువు మరవ (అలుగు) పారితే నీళ్లు నా పొలం పక్కనుంచే పోతాయి. కట్ట ఎంత ఎత్తు ఉండాలి?
– రైతు, శింగనమల

జవాబు: మరవ పారినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, ఆ గుర్తుకన్నా మీ కట్ట కనీసం 3 అడుగులు పైకి ఉండేట్టు కట్టండి. అంత ఎత్తు కుదరని చోటైతే అది చేపల కుంటకు తగిన చోటు కాదు. ఆ నీళ్లను పంటకే వాడుకోండి, లేదా మన ఏటి చేపలనే వేసుకోండి.

కుంట పొర్లడానికి నేరుగా పడే వాన కారణమని అనుకుంటారు. ఎకరం కుంటలో 100 మి.మీ. వాన పడితే మట్టం 10 సెం.మీ. మాత్రమే లేస్తుంది. కానీ పైన ఐదెకరాల వాలు నుంచి అందులో సగం నీళ్లు జారి కుంటలోకి వస్తే ఇంకో 25 సెం.మీ. లేస్తుంది. అందుకని కుంటకు పైవైపున రెండడుగుల లోతు కాలువ తవ్వి, వాలు నీళ్లను పక్కకు మళ్లించాలి. నీటిమట్టానికి కట్ట తలకు మధ్య ఎప్పుడూ రెండడుగులు ఖాళీ ఉంచాలి. సెప్టెంబరు మొదలు నవంబరు దాకా, అంటే మన వైపు గట్టి వానలు కురిసే రోజుల్లో, ఇంకో అడుగు నీళ్లు తగ్గించి పెట్టుకోండి. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు వాన లేకుండానే ఏట్లో నీళ్లు పెరిగాయి. తుంగభద్ర ఒడ్డున, కేసీ కాలువ పక్కన కుంటలున్నవాళ్లు ఎగువ డ్యాం సంగతులు కూడా కనిపెట్టుకుని ఉండాలి.

కట్ట తల మీద చుట్టూ 3 అడుగుల ఎత్తు వల కంచె వేసి, అడుగు భాగాన్ని అడుగు లోతు పూడ్చండి. ఎండ్రకాయలు, పందికొక్కులు చేసే బొరియలను వానల ముందు వెతికి, బంకమన్ను కుక్కి దిమ్మెస కొట్టండి. గండి పడేది చాలాసార్లు వాటి దగ్గరే. బయటి వాలులో ఎప్పుడూ తడిగా కనిపించే మచ్చ ఉందంటే లోపల దారి పడుతోందని అర్థం.

ప్రశ్న: ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పాత బావిలో వేస్తే ఎక్కడికీ పోదని ఒకాయన అంటున్నాడు. నిజమా?
– పేరు రాయలేదు, కర్నూలు

జవాబు: అబద్ధం. కేంద్ర ప్రభుత్వం ఆ చేప పెంపకాన్ని నిషేధించింది, ఏ అధికారీ దానికి అనుమతి ఇవ్వడు. అది గాలి పీలుస్తుంది, తడి నేల మీద పాకుతుంది, దొరికిన ప్రతి చేపనూ తింటుంది. బావి నిండి పొర్లిన ఒక్క రోజు దానికి చాలు. మన మార్పు చేపకు అది దగ్గరి జాతి, చోటూ మేతా రెండూ లాక్కుంటుంది. దీనికి ఏ జాలీ చెప్పం. ఎవరి దగ్గరైనా ఉంటే వంకలో వదలకుండా చంపి, సున్నం వేసి పూడ్చాలి. పిల్ల దశలో మార్పు అని చెప్పి దీన్నే అంటగడతారు, తెలియని వ్యాపారి దగ్గర కొనొద్దు.

ప్రశ్న: మా పిల్లల అక్వేరియంలో గాజు నాకే చేప అడుగు పొడవైంది. హంద్రీలో వదిలేయవచ్చా?
– గృహిణి, కర్నూలు

జవాబు: వదలొద్దమ్మా. అది దక్షిణ అమెరికా చేప. ఒళ్లంతా గట్టి పెంకు, ముళ్లు. ఒడ్డులో బొరియలు తవ్వుతుంది, జాలర్ల వలలు చింపుతుంది, ఎదిగాక దాన్ని తినే చేప మన ఏట్లో దాదాపు లేదు. కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి.

ప్రశ్న: మొన్నటి వానకు కట్ట తెగి తిలాపియా పాపాఘ్నిలోకి పోయింది. ఎన్ని పోయాయో తెలియదు. ఇప్పుడేం చేయాలి?
– రైతు, కమలాపురం

జవాబు: తెలియజేసి మంచి పని చేశారు. దాచిపెట్టడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. నార్వేలో చేప తప్పించుకుందని అనుమానం వచ్చినా వెంటనే అధికారులకు చెప్పాలి, చుట్టూ 500 మీటర్ల మేర వలలు వేసి తిరిగి పట్టే బాధ్యత కేజ్ యజమానిదే. మీరు మీ ఊరి గ్రామ మత్స్య సహాయకుడికి రాతపూర్వకంగా చెప్పండి: ఏ రోజు, ఏ చేప, సుమారు ఏ సైజు. కుంటలో మిగిలిన వాటిని పట్టి లెక్కపెడితే ఎన్ని పోయాయో అంచనా వస్తుంది.

ఇంకోసారి జరిగితే మొదటి గంట చాలా విలువైనది. గండిని పూడ్చడానికి ముందే, కుంట నుంచి వంకకు పోయే కాలువకు అడ్డంగా వల కట్టాలి. వంకలో కలిసే మూతి దగ్గర ఇంకోటి కట్టాలి. కొత్త నీటిలో పడిన తిలాపియా మొదట్లో గట్టు వెంబడి, నీళ్లు నెమ్మదిగా ఉన్న చోట గుంపుగా తిరుగుతుంది. అక్కడ విసురు వలతో పట్టుకోవచ్చు. తవుడు ముద్దలు వేస్తే మేత అలవాటుతో దగ్గరికి వస్తాయి. రెండు మూడు రోజులు దాటితే చెల్లాచెదురవుతాయి.

మీ విషయంలో ఆ గంట దాటిపోయింది. మిగిలిన అవకాశం ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. మీ కుంటకు కిందివైపు పెన్నాలో కలిసేదాకా పాపాఘ్నిలో మిగిలే మడుగులు ఎక్కడెక్కడో జాలర్లకు తెలుసు. వాళ్లతో ముందే మాట్లాడుకుని, మడుగు మోకాటి లోతుకు దిగాక సన్న కన్ను లాగుడు వల వేయించండి. తెల్లవారుజామున లాగాలి, ఎండెక్కితే మన చేపలు వలలోనే చస్తాయి. వల ఒడ్డుకు తేకుండా నీటిలోనే ఉంచి, చేత్తో తిలాపియాను మాత్రమే ఏరి బుట్టలో వేయండి. నోరు ఉబ్బెత్తుగా ఉన్న ఆడది దొరికితే నీటిలో ఆడించకుండా వెంటనే బుట్టలో వేయండి, బెదిరితే నోట్లోని పిల్లలను అక్కడే కక్కేస్తుంది. కొర్రమీను, మార్పు, జెల్ల, పరిగె ఏ సైజువైనా మళ్లీ మడుగులోకే వదలాలి, వాటికి బదులు జాలర్లకు కూలి ఇచ్చేయండి. పదిహేను రోజులకు ఇంకోసారి లాగించండి, ఎందుకంటే మొదటిసారి గూళ్లలో దాక్కున్న పిల్లలు అప్పటికి వలకు అందే సైజుకు వస్తాయి. ఇది తొలకరి నీళ్లు ఏట్లోకి రాకముందే పూర్తి కావాలి.